కొను: మన నోటిలోని ఒక పాత క్రియ

“రావణుడు సీతను కొనిపోయెను” అనే వాక్యాన్ని ఈనాటి పిల్లవాని ముందు పెడితే ఏమనుకొంటాడు? రావణుడు వెల ఇచ్చి సీతను కొని, తరువాత తన ఊరికి పోయాడని అనుకొంటాడు. పిల్లవాని తప్పు ఏమీ లేదు. పాఠ్యపుస్తకం వానికి “కొను అంటే డబ్బు ఇచ్చి తీసుకొనుట” అని ఒక్క అర్థమే నేర్పింది. కాని ఆ వాక్యంలో వెల లేదు, బేరం లేదు. కొనిపోవుట అంటే తనతో తీసుకుపోవుట. అంతే.

ఈ చిన్న క్రియ గురించి ప్రత్యేకంగా వ్రాయడానికి కారణం ఉన్నది. మన పూర్వులు మారిషస్‌కు, నేటాల్‌కు, ఫిజీకి, మలయాకు వెళ్ళిన రోజులలో వారి వెంట పుస్తకాలు వెళ్ళింది తక్కువ. నోటిలోని పాటలు, భజనలు, పెళ్ళిమాటలు వెళ్ళింది ఎక్కువ. ఆ మాటలలో పాత తెలుగు ఉన్నది. మనుమలు నేర్చుకొంటున్నది కొత్త తెలుగు. రెంటికీ మధ్య అర్థం జారిపోయిన చోట మనవాళ్ళు “మా అమ్మమ్మ తెలుగు తప్పు తెలుగు” అని సిగ్గుపడి నోరు మూసుకొంటున్నారు. ఒక్క క్రియను తీసుకొని దాని వెనుక చరిత్ర చూస్తే, ఆ సిగ్గుకు కారణం లేదని తెలుస్తుంది.

ఒకే వీధిలో నాలుగు కాలాలు

ఈ పరిశీలనకు కువైట్‌లోని ఫహాహీల్ మంచి చోటు. ఈ వ్యాసకర్త ఉండేది అక్కడే. అహ్మదీ ప్రాంతంలో సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు చేపలు పట్టేవారి, ముత్యాల కోసం మునిగేవారి పల్లె. 1938లో బుర్గాన్‌లో నూనె పడింది. 1946లో మొదటి ముడి నూనె ఓడకెక్కింది. ఆ తరువాత ఈ పల్లె పట్టణమై, పని వెతుక్కొంటూ వచ్చిన అనేక దేశాల జనంతో నిండింది. రాజంపేట, రాయచోటి వైపు నుంచి వచ్చినవారు, గోదావరి జిల్లాలవారు, తెలంగాణవారు, వారి పక్కనే మలయాళీలు, తమిళులు ఇక్కడ కలిసి బ్రతుకుతున్నారు.

ఒక వస్తువును తెమ్మని వీరంతా ఎలా చెబుతారో వినండి. కోస్తావారు “తీసుకురా” అంటారు. రాయలసీమవారు “ఎత్తుకరా” అంటారు. తెలంగాణ పల్లెనుంచి వచ్చినవారు ఒకడు ఏదో పట్టుకుపోతే “కొంటబోయిండు” అంటారు. మలయాళీ పొరుగువాడు “కొండువా” అంటాడు. తమిళుడు కూడా “కొండువా” అనే అంటాడు.

వినడానికి ఇవి వేరువేరు మాటలు. విప్పి చూస్తే అన్నింటిలోనూ ఒకే ఎముక ఉన్నది. తీసుకురా అంటే తీసి-కొని-రా. ఎత్తుకరా అంటే ఎత్తి-కొని-రా. కొంటబోయిండు అంటే కొనిపోయినాడు. మలయాళీ, తమిళుల “కొండు” మన “కొని”కి తోబుట్టువు. వీటిలో ఎక్కడా డబ్బు ప్రసక్తి లేదు. కోస్తా, సీమ మాటలలో “కొని” అరిగి ఒక్క “క”గా, “కు”గా మిగిలింది. తెలంగాణ మాటలో ఇంకా నిలబడి ఉన్నది. మన పాత కావ్యాలలో “కొనిపోవు”, “కొనివచ్చు” అని కనబడేది ఇదే. ఇంట్లో పెద్దవారెవరైనా “నీళ్ళు కొనిరా” అంటే అంగడికి పొమ్మని కాదు, నీళ్ళు తెమ్మని.

అసలు అర్థం

ద్రావిడ భాషల పదాలను పోల్చి బరో, ఎమినో అనే పండితులు 1961లో ఒక నిఘంటువు ప్రకటించారు. తమిళంలోని కొళ్, మలయాళంలోని కొళ్ళుక, కన్నడంలోని కొళ్, మన కొను ఒకే ధాతువు నుంచి వచ్చినవని అందులో చూపించారు. ఆ ధాతువుకు మూలార్థం గ్రహించుట, చేతబట్టుట, తనదిగా స్వీకరించుట.

“మన కొనులో ళకారం గాని లకారం గాని లేదు గదా” అని సందేహం రావచ్చు. అది దాగి ఉన్నది. కొను నుంచి వచ్చిన నామవాచకం “కోలు”: కొనుగోలు, వీడుకోలు, వేడికోలు. కొను నుంచి వచ్చిన ప్రేరణరూపం “కొలుపు”: మేలుకొను, మేలుకొలుపు, నెలకొను, నెలకొలుపు. తెల్లవారుజామున దేవుని లేపే పాటను మేలుకొలుపు అంటున్నామంటే ఆ పాత ధాతువునే పలుకుతున్నామన్నమాట.

మూలార్థం తెలిస్తే చాలా మాటలు తేలికగా విచ్చుకొంటాయి.

చేకొను, కైకొను: చేతిలోకి తీసుకొనుట, స్వీకరించుట. “గైకొను” కూడా ఇదే.

పేర్కొను: పేరు తీసుకొనుట, అంటే పేరు చెప్పుట. ఇప్పుడు పత్రికలలో ఏది చెప్పినా పేర్కొనుటే.

నెలకొను: నెల అంటే ఇక్కడ చోటు. చోటు తీసుకొని స్థిరపడుట.

కొనియాడు: ఒకరి గుణాలను తీసుకొని మాటలాడుట, పొగడుట.

కొల్లగొను: దోచుకుపోవుట. ప్రాణముగొను: ప్రాణం తీయుట. వీటిలో కొనుటకు వెల చెల్లించే ప్రశ్నే లేదు.

మొదలుకొని: “ఉగాది మొదలుకొని” అంటే ఉగాదిని మొదలుగా తీసుకొని.

ఎదుర్కొను అనే మాట కథ మరింత ఆసక్తికరం. వచ్చేవారికి ఎదురుగా వెళ్ళి వారిని స్వాగతించి తీసుకొనివచ్చుట దాని పాత అర్థం. ఇప్పుడు “కష్టాలను ఎదుర్కొన్నాడు”, “శత్రువును ఎదుర్కొన్నాడు” అని పోరాటానికే వాడుతున్నాము. కాని పెళ్ళిలో పాత అర్థం చెక్కుచెదరలేదు. మగపెళ్ళివారు విడిదికి వచ్చినప్పుడు ఆడపెళ్ళివారు ఎదురువెళ్ళి పానకం, పూలు ఇచ్చి ఆహ్వానించే తంతును ఎదుర్కోలు అంటారు. అక్కడ ఎవరూ ఎవరితోనూ పోరాడరు. ఆచారం మాటను కాపాడుతుందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఆచారం మానితే మాట అర్థం కూడా మరుగునపడుతుందనడానికి కూడా ఇదే సాక్ష్యం.

ఒక హెచ్చరిక. కొనసాగు, కొనవేలు, చిటారుకొన వంటి మాటలలోని “కొన” వేరు. అది చివర అనే అర్థం గల నామవాచకం. దానికీ ఈ క్రియకూ చుట్టరికం లేదు.

వెల ఎలా వచ్చి చేరింది?

పాత తెలుగులో డబ్బు ఇచ్చి తీసుకొనుటకు “విలుచు” అనే క్రియ ఉండేది. విలువ, వెల అనే మాటలు దాని కుటుంబంలోనివే. చిత్రమేమిటంటే, అదే ధాతువు తమిళంలో “విల్” అయి అమ్ముట అనే అర్థం ఇస్తుంది. ఒకే మాట ఒక ఇంట్లో అమ్మకం, పొరుగింట్లో కొనుగోలు! ఆశ్చర్యపడనక్కరలేదు. బేరం ఒక్కటే, ఏ వైపు నిలబడి చూస్తున్నామన్నదే తేడా. అరబ్బీలో “షరా” అనే క్రియ ఉన్నది. నేటి వాడుకలో అది కొనుటకు చెల్లుతున్నది. ప్రాచీన అరబ్బీలో అదే క్రియ అమ్ముట అని కూడా అర్థమిచ్చేది. ఇలా రెండు విరుద్ధార్థాలు గల మాటలను అరబ్బీ పండితులు ఒక ప్రత్యేక తరగతిగా చేసి చర్చించారు.

మనవైపు విలుచు వాడుకనుంచి తప్పుకొన్నది. దాని పని “కొను” నెత్తిన పడింది. “వెలకు కొను” అంటే వెల ఇచ్చి గ్రహించు. కాలక్రమాన “వెలకు” అనే మాట చెప్పకపోయినా అర్థమయ్యే స్థితి వచ్చింది. అప్పుడు కొను ఒక్కటే నిలిచి, కొనుగోలు అనే అర్థానికి పరిమితమయింది. మన నిఘంటువులు గ్రహించుట, వెలకు పుచ్చుకొనుట అని రెండు అర్థాలూ ఇస్తాయి. జనం నోట విడిగా మిగిలింది రెండవది మాత్రమే.

ఇది మన భాషకే పట్టిన వింత కాదు. లాటిన్ భాషలో “ఎమెరె” అనే క్రియకు మొదట తీసుకొనుట అని అర్థం, తరువాత కొనుట అయింది. తమిళంలో “వాంగు” అంటే పుచ్చుకొనుట. ఇప్పుడు కొనుట కూడా. హిందీ “లేనా” రెండు పనులూ చేస్తుంది. ఫహాహీల్ అంగడిలో దుకాణదారు హిందీలో “ఏమి తీసుకొంటావు?” అన్నాడంటే “ఏమి కొంటావు?” అని అడిగినట్లే.

మరి గ్రహించుట అనే అర్థం కొనును విడిచిపెట్టినప్పుడు ఆ ఖాళీ ఎవరు పూరించారు? పుచ్చుకొను, తీసికొను అనే జంటమాటలు పూరించాయి. ఇప్పుడు మళ్ళీ వింత చూడండి. “బండి తీసుకున్నాం”, “ఊళ్ళో స్థలం తీసుకున్నాం” అని ఈనాటి తెలుగువారు అంటున్నారు. అంటే కొన్నామని. వెయ్యేళ్ళ నాడు కొను నడచిన దారినే ఇప్పుడు తీసుకొను నడుస్తున్నది.

ఇంకొక మాట: “కొనుక్కొన్నాను.” ఇందులో కొను రెండుసార్లు ఉన్నది. మొదటి కొను వెలకు తీసుకొనుట; రెండవ కొను తనకోసం. మొదటిదానిలో పాత అర్థం మాసిపోయింది కనుకనే రెండవది తగిలించవలసి వచ్చింది. చెరిగిన గీత మీద మళ్ళీ గీత గీసినట్లు.

ఎవరి కోసం?

ఈ రెండవ కొను గురించి నిదానంగా ఆలోచించాలి. తెలుగు వ్యాకరణంలో దీనిని ఆత్మార్థకం అంటారు. పని ఫలం చేసినవానికే చేరుతుందని ఇది చెబుతుంది. వండింది అంటే ఎవరి కోసమైనా వండి ఉండవచ్చు. వండుకొన్నది అంటే తన కోసం. చదివాడు అంటే అక్షరాలు పలికాడు. చదువుకొన్నాడు అంటే ఆ చదువు వానిలోకి చేరింది. తెలుసుకొను, నేర్చుకొను, దాచుకొను, కడుపు నింపుకొను: అన్నింటిలోనూ ఒక వస్తువో విద్యో తనవైపుకు వచ్చే కదలిక ఉన్నది. ఇద్దరు ముగ్గురు చేరినప్పుడు ఇదే తోక పరస్పరమనే అర్థం ఇస్తుంది: మాట్లాడుకొన్నారు, పంచుకొన్నారు, కొట్టుకొన్నారు.

ఇంగ్లీషులోగాని ఫ్రెంచిలోగాని పెరిగిన మన పిల్లలు తెలుగులో మొదట పోగొట్టుకొనేది ఈ తోకనే. “నేను తెలుగు నేర్చాను” అన్నా అర్థమవుతుంది గదా అని పెద్దలు ఊరుకొంటారు. అర్థమవుతుంది. కాని పని ఎవరికి చెందిందనే లెక్క పోతుంది.

ఆ లెక్క మన చరిత్రలో చిన్నది కాదు. చెరకు కోశారు, రబ్బరు పాలు తీశారు, రోడ్లు వేశారు. ఈ క్రియలకు “కొను” తగలదు, ఫలం దొరది. ఒప్పందం తీరిన తరువాత నేటాల్‌లో మనవారు కౌలు నేలలో కూరగాయలు పండించుకొన్నారు. దీపం పెట్టుకోవడానికి గుడి కట్టుకొన్నారు. పిల్లలకు బడి పెట్టుకొన్నారు. 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను, 1941లో ఫిజీలో ఆంధ్ర సంఘాన్ని, 1955లో మలయా ఆంధ్ర సంఘాన్ని స్థాపించుకొన్నారు. చేశారు అనే దానినుంచి చేసుకొన్నారు అనే దానికి వచ్చిన ప్రయాణమే మన చరిత్ర.

ఫహాహీల్‌లో ఇతరుల ఇళ్ళలో పని చేసే తెలుగు ఆడవారి మాటలలో ఈ తేడా ఈనాటికీ వినబడుతుంది. పగలంతా ఆ ఇంటికి వండుతారు. రాత్రి తమకు వండుకొంటారు. ఆ రెండు మాటల మధ్య తేడాను ఏ వ్యాకరణ పుస్తకమూ వారికి చెప్పలేదు. చెప్పనవసరం లేదు.

ఒప్పుకొన్నవారు, కొన్నవారు

మన పూర్వులు అమ్ముడుపోయారా అనే ప్రశ్న తరచు వింటాము. బానిసత్వం రద్దయిన తరువాత తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నేటాల్‌కు, 1903 తరువాత మద్రాసు వైపునుంచి ఫిజీకి ఐదేళ్ళ ఒడంబడిక మీద జనాన్ని ఓడలలో ఎక్కించారు. 1860 నవంబరులో మద్రాసునుంచి వచ్చి డర్బన్ చేరిన “ట్రూరో” ఓడ ఆ వరుసలో మొదటిది. ఆ ఒప్పందాన్నే మనవారు గిర్మిట్ అన్నారు. కాగితం మీద అది కొనుగోలు కాదు, వారు “ఒప్పుకొన్నారు”. ఒప్పుకొను అంటే సరియని తనమీదికి తీసుకొనుట. కాని చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసినవాడు దేనిని తనమీదికి తీసుకొన్నాడో వానికే తెలియదు. హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1974లో ఈ వ్యవస్థ మీద వ్రాసిన గ్రంథానికి “కొత్త రకం బానిసత్వం” అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి.

గల్ఫ్ వలసలో ఈ క్రియ ఇంకొక మలుపు తిరిగింది. ఇక్కడ పనివాడే కొంటాడు. “అప్పుగొని వీసా కొన్నాడు” అనే ఒక్క వాక్యంలో కొను రెండు అర్థాలూ పక్కపక్కనే ఉన్నాయి. అప్పుగొను అంటే అప్పు తీసుకొను. ఇది పాత అర్థం. సుమతీ శతకకారుడు అప్పుగొని ఆడంబరం చేయవద్దని హెచ్చరించినప్పుడు వాడిన మాట ఇదే. వీసా కొను అంటే డబ్బిచ్చి సంపాదించు; ఇది తరువాతి అర్థం. మొదటిది వడ్డీతో పెరుగుతుంది. రెండవది గడువుతో తీరిపోతుంది.

న్యాయంగా చూస్తే వీసా అనేది ప్రభుత్వం ఇవ్వగా పుచ్చుకొనే అనుమతి. దానిని పాత అర్థంలో గొనవలసిందే గాని వెలకు కొనకూడదు. కువైట్ చట్టం ప్రకారం వీసాలు, నివాస అనుమతులు అమ్ముట నేరం. భారతదేశంలో రిజిస్టరయిన ఏజెంటు వసూలు చేయదగిన సేవారుసుముకు కూడా 30,000 రూపాయలు, దానిపై పన్ను అని పరిమితి పెట్టారు. అయినా ఊరి వాడుకలో “వీసా కొన్నాడు” అనే మాట స్థిరపడిపోయింది. ఆ మాట ఎవరికీ తప్పుగా తోచదు. వాడుకలో పాతుకుపోయిన క్రియ నేరాన్ని కూడా మామూలు బేరంలా వినిపించగలదు. మన ముత్తాతలను తీసుకుపోయేటప్పుడు దారి ఖర్చు తోట యజమాని పెట్టాడు. తరువాత వారి శ్రమతో తిరిగి రాబట్టుకొన్నాడు. ఈనాటి పనివాడు దారి ఖర్చు కూడా తానే పెట్టుకొని, కఫీల్ చేతికింద చేరుతున్నాడు. పెట్టుకొన్నాడు అనే మాటలో ఉన్న “కొను”కు ఈసారి ఫలం కాదు, భారం చేరింది.

తప్పు మాట కాదు, పాత మాట

స్కాట్లండు దేశస్థుల ఉదాహరణ మనకు ధైర్యమిస్తుంది. వారి భాషను చెడిపోయిన ఇంగ్లీషు అని తరాల తరబడి ఎగతాళి చేశారు. అక్కడి పండితులు పాత స్కాట్స్ భాషలోని మాటలను, వాటిలో ఉండు, తీసుకొను, తెలియు వంటి నిత్యవ్యవహార క్రియలను సయితం, పాత పత్రాలనుంచి ఏరి, ప్రతి అర్థానికీ ప్రయోగం చూపుతూ నిఘంటువు కూర్చారు. 1931లో మొదటి భాగం వెలువడింది. 12 సంపుటాలు ముగిసేసరికి 2002వ సంవత్సరం వచ్చింది. ఎగతాళికి గురైన వాడుకలు ఎన్నో ఇంగ్లీషుకు తప్పులు కావని, వేరే చరిత్ర గల పాత ప్రయోగాలని దానివల్ల రుజువయింది.

మన చేతిలో అంత పెద్ద పని లేదు. కాని చేయదగినది ఉన్నది. పిల్లలకు పాత పాట చెప్పేటప్పుడు “కొని” అనే మాట వస్తే మూడు ప్రశ్నలు వేయడం నేర్పండి. ఆ వాక్యంలో వెల ఉన్నదా? ఉంటే అది కొనుగోలు. తరువాత పోవు, వచ్చు, తెచ్చు వంటి కదలిక ఉన్నదా? ఉంటే చాలావరకు అది తీసుకొనుట. మరొక క్రియకు తోకగా ఉన్నదా? ఉంటే తనకోసమనో, ఒకరికొకరనో అర్థం. ఈ మూడు ప్రశ్నలతో రామకథా గేయాలలోని చిక్కుముడులు చాలావరకు వీడిపోతాయి.

ఇక పెద్దల విషయం. ఇంట్లో అమ్మమ్మగాని, తాతగాని ఈనాటి పుస్తకంలో లేని విధంగా ఒక క్రియ వాడితే వెంటనే దిద్దవద్దు. ఆ వాక్యం మొత్తం, వారు చెప్పినది చెప్పినట్లుగా వ్రాసి పెట్టండి. ఏ సందర్భంలో అన్నారో, వారి పెద్దలు ఏ ఊరివారో పక్కన గుర్తు పెట్టండి. ఒంటరి మాటకంటె పూర్తి వాక్యం విలువైనది. అర్థం వాక్యంలోనే ఉంటుంది. అలా వ్రాసినవి మన పత్రికకు పంపితే తోటి పాఠకులు కూడా చూసి, తమ ఇంటి మాటతో పోల్చుకొంటారు.